బడి గోడ మీద మన రాక్షసబల్లులను తప్పులు లేకుండా గీయడం ఎలా?

చంద్రగిరి డ్రాయింగు మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం చెప్తున్నాను. మా బడి ప్రహరీ గోడ మీద 30 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున ప్రాచీన జీవుల బొమ్మ వేయాలని ప్రధానోపాధ్యాయురాలు అడిగారు. పాత సున్నం గీకించి, పగుళ్లు పూడ్పించి, ప్రైమరు కూడా కొట్టించాం. దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాలి. గోడ సిద్ధమైంది కానీ ఏం గీయాలన్నది నాకు ఇంకా కుదరలేదు.

కారణం చెప్తాను. రెండేళ్ల కిందట మరొక పాఠశాలలో ఇలాంటి బొమ్మే వేశాను. అంగడిలో కొన్న ప్లాస్టిక్ బొమ్మను ముందు పెట్టుకుని, రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి తోక నేల మీద ఆనించిన ఒక మాంసాహారిని, దాని పక్కన పొడుగు మెడ జంతువును, వాటి కాళ్ల కింద పచ్చగడ్డిని, వెనక తిరుమల కొండలను గీశాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. రంగు ఆరకముందే ఏడో తరగతి పాప ఒకతె వచ్చి, “సార్, ఇవి మన కొండల్లో తిరిగినాయా? తోక అట్లా ఈడ్చుకుంటా పోతే ఒరుసుకుపోదా?” అని అడిగింది. రెంటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ బొమ్మ ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. రోజూ పిల్లలు దాన్ని చూసి అదే నిజమనుకుంటూ ఉంటారన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ఈసారి మన దేశంలో దొరికిన జంతువులనే గీయాలనుకుంటున్నాను. ఒక పక్క బరపాసారస్ అనే పొడుగు మెడ జంతువు, ఎదురుగా దాని మీదికి వస్తున్న రాజాసారస్ అనే మాంసాహారి, నేపథ్యంలో తిరుమల శిలాతోరణం, నేల నిండా గడ్డి, దూరాన పొగలు కక్కుతున్న అగ్నిపర్వతం అని ఒక నమూనా గీసుకున్నాను. ఇందులో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? నిలబడే తీరు, తోలు, రంగు వంటి విషయాల్లో ఎముకలు చెప్పేది ఎంత, చిత్రకారుడు ఊహించేది ఎంత? తెలిసినవారు దయచేసి మొహమాటం లేకుండా దిద్దండి. రంగు పడ్డాక దిద్దుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక ముందే అడుగుతున్నాను.

రాతిపొరలు (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి)

మాస్టారూ, ఆ పాప అడిగిన మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ నమూనాలోని చాలా చిక్కులు దానితోనే విడిపోతాయి.

మన కొండల్లో రాక్షసబల్లుల ఎముకలు దొరకలేదు, ఇకముందు దొరకవు కూడా. తిరుమల కొండల పైభాగంలో కనిపించే నగరి క్వార్ట్‌జైటు వయసు సుమారు 160 కోట్ల సంవత్సరాలు. ఒకప్పుడు ఇసుకగా పేరుకుని గట్టిపడిన రాయి అది. తొలి రాక్షసబల్లులు భూమి మీద కనిపించి సుమారు 23 కోట్ల సంవత్సరాలే అయింది. అంటే ఆ రాయి ఏర్పడేనాటికి ఎముక ఉన్న ప్రాణి అనేదే లేదు. ఘాట్ రోడ్డు పక్కన ఏటవాలులో ఆ క్వార్ట్‌జైటు పొరలు ఇంకా పాతదైన గ్రానైటు మీద కూర్చున్న చోటును భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కింది రాయికీ పై రాయికీ మధ్య ఎన్నో కోట్ల సంవత్సరాల విరామం ఉంది. కొండెక్కే లక్షల మంది ఆ గీత పక్కనుంచే వెళ్తారు. మీ పిల్లలకు ఒకసారి చూపించండి.

అలాగని మన జిల్లాకు ఆ కాలంతో సంబంధమే లేదనుకోవద్దు. సత్యవేడు వైపు ఎగువ గోండ్వానా అనే రాతిపొరల వరసకు చెందిన ఇసుకరాళ్లు, గులకరాతి పొరలు ఉన్నాయి. అవి క్రిటేషియస్ యుగపు తొలినాళ్లవి, అంటే ప్రపంచంలో మరెన్నో చోట్ల రాక్షసబల్లులు తిరుగుతున్న రోజులవి. తూర్పు తీరం పొడవునా ఇలాంటి పొరల్లో టైలోఫిల్లం అనే మొక్క ఆకుల ముద్రలు దొరికాయి. చూడటానికి చిన్న ఈతమట్టలా, నడిమి ఈనెకు రెండు పక్కలా వరసగా సన్నని ఆకులతో ఉంటుంది. మీ బొమ్మలో తిరుపతి ప్రాంతపు వాటా ఏదైనా ఉండాలనుకుంటే, నా మటుకు శిలాతోరణం కన్నా ఆ ఆకే సరైనదని చెప్తాను.

ఇక మీరు ఎదురెదురుగా నిలబెట్టిన రెండు జంతువుల సంగతి. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, అచ్చయిన పుస్తకాల్లోనూ చూశాను. బరపాసారస్ జురాసిక్ యుగానిది, సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటిది. ప్రాణహిత, గోదావరి లోయలో కోటా అని పిలిచే రాతిపొరల్లో, మహారాష్ట్ర వైపున సిరోంచ ప్రాంతంలో 1960, 61 సంవత్సరాల్లో దాని ఎముకలు సుమారు 300 దాకా తవ్వి తీశారు. అవి ఆరు జంతువులవి. 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ‘బర పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన రోజులు రవీంద్రుని శతజయంతి రోజులు కనుక పేరులో ఆయన కూడా చేరాడు. రాజాసారస్ గుజరాత్‌లోని రాహియోలి దగ్గర దొరికింది. దానికి పేరు పెట్టింది 2003లో. అది రాక్షసబల్లుల చిట్టచివరి కాలానిది, 7 కోట్ల సంవత్సరాల లోపుది. ఒక్కసారి లెక్క వేసి చూడండి, బరపాసారస్‌కూ రాజాసారస్‌కూ మధ్య గడిచిన కాలం, రాజాసారస్‌కూ మనకూ మధ్య గడిచిన కాలం కన్నా ఎక్కువ. వాటిని ఒకే బొమ్మలో కొట్లాడించడం కన్నా రాజాసారస్ ముందు మిమ్మల్ని నిలబెట్టి గీస్తే కాలం లెక్కలో తప్పు తక్కువ.

అందుచేత గోడను రెండు భాగాలు చేయండి, మధ్యలో ఒక చెట్టునో రాతిపొరనో అడ్డంగా పెట్టండి.

ఎడమ భాగం కోటా దృశ్యం. అప్పటికి పువ్వు పూసే మొక్క లేదు, గడ్డి అసలే లేదు. నేల మీద ఫెర్నులు, సైకాస్‌ను పోలిన పొట్టి మొక్కలు, వాటి పైన సూదాకుల చెట్లు గీయండి. బరపాసారస్ ఎముకలు పెద్ద పెద్ద చెట్ల మానులతో కలిసి దొరికాయి, ఆ మానులు కూడా రాయిగా మారిపోయాయి. నదిలో వరద వచ్చి అన్నిటినీ ఒకచోటికి తోసిందని ఊహించడానికి ఆధారం ఉంది. ఎర్రని వరద నీరు, కొట్టుకొస్తున్న మానులు, గట్టున తల ఎత్తి చూస్తున్న మంద అనుకోండి, కొట్లాట లేకుండానే బొమ్మ నిండుతుంది. నీటిలో చేప కావాలంటే అదే కోటా రాళ్లలో దొరికిన లెపిడోటిస్ ఉంది. మెరిసే మందపాటి పొలుసులతో పలకలు పేర్చినట్టు ఉంటుంది, గీయడానికి ముచ్చటైన చేప.

కుడి భాగం రాజాసారస్‌ది. ఇక్కడ గడ్డి గీయవచ్చు. నాకు చాలా ఇష్టమైన సంగతి కనుక కొంచెం వివరంగా చెప్తాను. రాక్షసబల్లుల కాలంలో గడ్డి లేదని మేమందరం ఏళ్ల తరబడి పాఠం చెప్పాం. మహారాష్ట్రలోని పిస్దురా అనే ఊరి దగ్గర రాయిగా మారిన పేడ ముద్దలు దొరుకుతాయి, అవి పొడుగు మెడ జంతువులవని భావిస్తున్నారు. వాటిని పొడి చేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే గడ్డి ఆకుల్లో ఉండే సన్నని సిలికా రేణువులు కనిపించాయి. ఆ ఫలితం 2005లో వెలువడింది. మన దేశంలో దొరికిన పేడ ముద్దలతో ప్రపంచమంతటా పాఠం మారింది. అయితే ఇప్పటి పచ్చిక బయలులా పరచకండి, అక్కడక్కడ కుదుళ్లుగా మాత్రమే ఉంచండి. వాటి మధ్య తాటి జాతి చెట్లు, పువ్వులు ఉండవచ్చు.

అగ్నిపర్వతాన్ని తీసేయండి. దక్కను లావా శంఖం ఆకారపు కొండ కొన నుంచి కాక, నేలలో పడిన పొడవాటి పగుళ్ల నుంచి పొంగి పరచుకుంది. ఆ దృశ్యం వేరే బొమ్మకు సరిపోతుంది.

పశువైద్య విద్యార్థిని

నమస్తే సార్. నేను తిరుపతిలో పశువైద్యం చదువుతున్నాను, సొంతూరు పుంగనూరు పక్కన పల్లె. ఎముకను చేత్తో పట్టుకుని ఏ పశువుదో, ఏ పక్కదో చెప్పడం మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఖాళీ ఉన్నప్పుడు నేను కూడా ఈ బొమ్మలు గీస్తాను కాబట్టి ఒడలి నిర్మాణం గురించి నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందుగా ‘రాక్షసబల్లి’ అనే మాటను గీసేటప్పుడు మరిచిపోండి. 1842లో ఇంగ్లండులో పెట్టిన ‘డైనోసార్’ అనే పేరుకు అది తెలుగు. పలకడానికి బాగుంటుంది కానీ చేతికి మాత్రం తప్పు దారి చూపిస్తుంది. బల్లినో ఉడుమునో చూస్తే మోచేతులు, మోకాళ్లు పక్కలకు చాపి పొట్ట నేలకు దగ్గరగా పెట్టుకుని నడుస్తుంది. ఈ జంతువుల తొడ ఎముక తల లోపలికి తిరిగి తుంటిలోని గుంతలో ఇమిడి ఉంటుంది, కాబట్టి కాళ్లు ఒడలి కిందికి నిట్టనిలువుగా దిగుతాయి. ఆ గుంతకు అడుగు కూడా ఉండదు, ఇవతలి నుంచి అవతలికి కనబడే రంధ్రమది. కోడి తుంటి ఎముకను కడిగి వెలుతురుకు పట్టి చూస్తే అదే రంధ్రం మీకూ కనబడుతుంది. కోడి వీటి వంశమే కదా.

కోడి కాలును చూసి గీయడంలో ఒక పొరపాటు జరుగుతుంది. వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, అది మడమ. అసలు మోకాలు ఈకల లోపల, పొట్టకు ఆనుకుని, ముందుకు వంగి ఉంటుంది. కోడికి బరువైన తోక లేదు కాబట్టి తొడను ముందుకు మడుచుకుని బరువు సరిచూసుకుంటుంది. రాజాసారస్‌కు పెద్ద తోక ఉంది, కాబట్టి దాని తొడ కోడి తొడకన్నా నిలువుగా దిగుతుంది. ఒడలు నేలకు సమాంతరంగా, ముందు తల, వెనక తోక, మధ్యలో తుంటి, తక్కెడ పట్టినట్టు ఉండాలి. నిటారుగా నిలబెట్టకూడదు.

మీ ఏడో తరగతి పాప అడిగిన రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆమె అనుమానం నిజం. ఈ జంతువుల పాదముద్రలు ప్రపంచంలో ఎన్నో చోట్ల రాళ్ల మీద దొరికాయి, వాటి మధ్య తోక ఈడ్చిన గాడి కనబడటం చాలా అరుదు. తోక మొదలు నుంచి తొడ ఎముకకు పట్టే ఒక పెద్ద కండరం కాలును వెనక్కి లాగుతుంది. నడకకు ఆ లాగుడే బలం. అందువల్ల తోక మొదట్లో తొడంత లావుగా ఉండి మెల్లగా సన్నబడాలి. చాలా బొమ్మల్లో తోకను తుంటికి తాడులా అతికిస్తారు.

పొడుగు మెడ జంతువుకు నాలుగు పాదాలకూ ఏనుగు గోళ్లు వరసగా గీయకండి. ముందు పాదంలో కొట్టొచ్చినట్టు కనబడేది లోపలివైపు బొటనవేలి గోరు, వెనక పాదానికి మాత్రం పెద్ద గోళ్లు ఉంటాయి. రాజాసారస్ నుదుటి కొమ్ము కూడా ఖడ్గమృగం కొమ్ములాంటిది కాదు, పొట్టిగా గుండ్రంగా లేచిన ఒక బొడిపె. దాని దగ్గరి చుట్టాలకు చేతులు మరీ చిన్నవి కాబట్టి దీనికీ అలాగే పెట్టడం సబబు. వాటిలో అర్జెంటీనాలో దొరికిన కార్నోటారస్‌కు తోలు ముద్రలు కూడా ఉన్నాయి, అన్నీ గరుకు పొలుసులే, ఈకల జాడ లేదు. చైనాలో 1996 నుంచి ఈకల జంతువులు బయటపడ్డాయి కదా అని దీనికీ ఈకలు తొడగనక్కర లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది చెప్తాను. మా ఇంట్లో పుంగనూరు ఆవు ఉంది, నా నడుము ఎత్తు దాటదు. దాని కోడెదూడకు ఇప్పుడిప్పుడే మూపురం లేస్తోంది. గంగడోలు మెడ కింద నాలుగు మడతలుగా వేలాడుతుంది, నడిచినప్పుడల్లా ఆ మడతలు ఒకదాని వెనక ఒకటి ఊగుతాయి. అదే జాతి అస్థిపంజరం ముందు నిలబడి చూడండి. మూపురం కండ, కొవ్వు, గంగడోలు ఉత్త తోలు, చెవులు మృదులాస్థి. ఇవేవీ ఎముకల్లో కనబడవు. ఆవును ఎప్పుడూ చూడని చిత్రకారుడు ఆ అస్థిపంజరానికి తోలు బిగించి గీస్తే ఎంత పేదగా ఉంటుందో, మనం రాక్షసబల్లులకు చేస్తున్నది అదే. పక్కటెముకలు లెక్కపెట్టేలా, కంటి గుంత లోతుగా, పుర్రెలోని ప్రతి రంధ్రమూ పైకి తేలేలా గీస్తాం. 2013లో కెనడాలో ఎడ్మాంటోసారస్ అనే జంతువు తల మీద కోడిపుంజు తురాయిలాంటి మెత్తని కండ ఉన్నట్టు బయటపడింది. దాంట్లో ఎముక లేదు. తోలు ముద్ర అదృష్టవశాత్తు నిలిచింది కాబట్టి తెలిసింది గానీ లేకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు.

కాబట్టి ముందు పక్కనుంచి అస్థిపంజరం గీయండి, దాని మీద కండ పెట్టండి, ఆ తర్వాతే తోలు. కండ పెట్టే దగ్గర మన పశువుల్లో చూసినంత ధారాళంగా పెట్టండి. రాత్రి బండి ఎక్కి హైదరాబాదు వెళ్తే బిర్లా సైన్సు మ్యూజియంలో కోటాసారస్ నిలబడి ఉంది. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి, 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు, పొడవు సుమారు 9 మీటర్లు. బరపాసారస్‌కు దగ్గరి కాలం, దగ్గరి జాతి. ఒక పూటంతా దాని కాళ్ల దగ్గర కూర్చుని గీసుకోవచ్చు.

పలమనేరు తండ్రి

ఇవన్నీ బాగున్నాయి కానీ నా మాట కూడా వినండి. మా పిల్లవాడికి తెలిసింది టైరనోసారస్ ఒక్కటే, అది కోరలు చూపించి గర్జించాలి. గట్టు మీద నిలబడి వరద చూసే జంతువును గీస్తే పిల్లలు గోడ వైపు చూస్తారా? సత్యం ముఖ్యమే, ఒప్పుకుంటాను. అయినా పిల్లవాడి కాళ్లు ఆ గోడ దగ్గర ఆగాలి కదా.

రాతిపొరలు

పలమనేరు వారి మాటలో న్యాయం ఉంది. భయం కావాలంటే ఆధారమున్న భయమే మన దగ్గర ఉంది. గుజరాత్‌లోని ధోలి డుంగ్రి దగ్గర 1984లో ధనంజయ్ మోహబే గారు ఒక గూడు తవ్వి తీశారు. అప్పట్లో అందులో ఉన్నవి గుడ్లు, పొదిగిన పిల్ల ఎముకలు అనుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తే ఆ ఎముకల్లో కొన్ని పామువని తేలింది. 3.5 మీటర్ల పాము, పగిలిన గుడ్డు చుట్టూ చుట్టలు చుట్టుకుని, పక్కనే అర మీటరు పొడవున్న పసిగుడ్డు. ఉన్నట్టుండి మట్టిపెళ్లలు వచ్చి కప్పేయడంతో ఆ క్షణం అలాగే రాయిలో నిలిచిపోయింది. 2010లో ఆ పాముకు సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. గుడ్లు గుండ్రంగా, సుమారు జానెడు వ్యాసంతో ఉంటాయి. మీ కుడి భాగంలో కింద, పిల్లల కంటి ఎత్తున ఈ గూడు గీయండి. టైరనోసారస్ ఉత్తర అమెరికా జంతువు, దానిని ఇక్కడికి తీసుకురావాల్సిన అవసరం ఉండదు.

స్వర్ణముఖి కలం (శ్రీకాళహస్తి)

మాస్టారూ, మాది కలంకారీ ఇల్లు. నేను ఎముకల గురించి చెప్పేవాణ్ని కాదు. రంగు గురించి, గీత గురించి రెండు మాటలు చెప్తాను.

మీరు రంగు విషయంలో ఊహ ఎంత అని అడిగారు. నా కొడుకు చదివి చెప్పిన దాన్ని బట్టి, చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఎర్రమట్టి రంగు పట్టీలు, తెల్ల పట్టీలు ఒకటి విడిచి ఒకటి ఉండేవని, ఈకల్లో మిగిలిన రంగు రేణువుల ఆకారాన్ని బట్టి 2010లో తేల్చారు. 2017లో కెనడాలోని బోరియలోపెల్టా అనే కవచం జంతువుకు వీపు ఎర్రగోధుమ రంగని, పొట్ట లేతరంగని చెప్పారు. అది 5.5 మీటర్ల జంతువు. ఆ మాట విన్నప్పుడు నాకు మా రంగుల గిన్నెలే గుర్తొచ్చాయి. మంజిష్ఠ ఎరుపు, కరక్కాయ పువ్వు పసుపు, కసిమి నలుపు, వాటిని పలచబరిస్తే వచ్చే మట్టి ఛాయలు. పచ్చని చిలకరంగు రాక్షసబల్లులు ప్లాస్టిక్ బొమ్మల నుంచి వచ్చాయి తప్ప ఆధారం నుంచి కాదు. వీపు ముదురు, పక్కలు నడిమి ఛాయ, పొట్ట లేత అనే పద్ధతి జింకలోనూ చేపలోనూ ఉంది. ఎండ పైనుంచి పడినప్పుడు జంతువు గుండ్రదనం కంటికి తెలియకుండా అది దాస్తుంది. మీ బరపాసారస్‌కు అది నప్పుతుంది.

ఇక గీత సంగతి. మేము బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. చింతబరికె కాల్చిన బొగ్గుతో ముందు ఊహగా గీసుకుంటాం, అది దులిపితే పోతుంది. తర్వాత వెదురు కలాన్ని కసిమిలో ముంచి గీస్తాం. కసిమి అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన రసం. గీసేటప్పుడు అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టను తాకాక కళ్లముందే నల్లబడుతుంది, ఆ తర్వాత స్వర్ణముఖి నీళ్లలో ఎంత ఉతికినా పోదు. అందుకని బొగ్గు గీతకూ కసిమి గీతకూ మధ్య మా నాన్నగారు చాలాసేపు కూర్చునేవారు.

ఈ రెండు గీతలనే మీరు గోడ మీద వాడుకోవచ్చని నా సూచన. పెద్ద బొమ్మ కింద అడుగున్నర ఎత్తున ఒక పట్టీ వదలండి. మా పాత గుడి తెరల్లో ప్రతి ఘట్టం కిందా తెలుగు రాత ఉంటుంది, చూసేవాడికి కథ తెలియడానికి. అలాగే మీ పట్టీలో ప్రతి జంతువునూ చిన్నదిగా మళ్లీ గీసి, ఎముక దొరికిన భాగాన్ని నిండు నల్లగీతతో, దొరకని భాగాన్ని బొగ్గులాంటి చుక్కల గీతతో చూపించండి. పైన బొమ్మ పూర్తిగా, ప్రాణంతో ఉంటుంది. కింద ఎంత తెలుసో, ఎంత ఊహో పిల్లవాడు వేలు పెట్టి చూసుకుంటాడు. రంగుల గురించి ఒక వాక్యం రాయండి, చాలు.

చంద్రగిరి డ్రాయింగు మాస్టారు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు రాత్రులు కూర్చుని నమూనాను మొత్తం మళ్లీ గీశాను.

గోడ రెండు భాగాలైంది. ఎడమ వైపు వరద గట్టున మూడు బరపాసారస్‌లు, నీటిలో మానులు, లెపిడోటిస్ చేప. బరపాసారస్ సుమారు 14 మీటర్లు, అంటే 46 అడుగుల జంతువు కనుక నిజమైన కొలతలో పట్టదు, మూడో వంతు కొలతలో గీస్తున్నాను. కానీ దాని తొడ ఎముక 1.7 మీటర్లని చదివాక వేరే ఆలోచన వచ్చింది. అంటే 5 అడుగుల 7 అంగుళాలు, ఇంచుమించు నా ఎత్తు. గేటు పక్కన ఉన్న స్తంభం మీద ఆ ఒక్క ఎముకను అసలు కొలతలో గీస్తాను. పిల్లలు పక్కన నిలబడి కొలుచుకోవచ్చు. పలమనేరు సోదరులు కోరినట్టు పిల్లల కాళ్లు మొదట ఆగేది అక్కడేనని నా నమ్మకం.

కుడి వైపు గడ్డి కుదుళ్ల మధ్య రాజాసారస్, కింద పాము ఉన్న గూడు. పలచని పెదవులు పళ్లను కప్పి ఉండేలా నోరు మూసే గీస్తున్నాను. మాంసాహారి రాక్షసబల్లుల పళ్లు బయటికి తేలి ఉండేవి కావని 2023లో వచ్చిన పరిశోధన చదివాను, నాకు నమ్మదగినదిగా తోచింది. అమ్మాయి చెప్పిన తోక కండరం కోసం మార్కెట్లో కోడి కొనుక్కొచ్చి, ఇంట్లోనే తోలు తీసి, కాలు ముందుకూ వెనక్కీ కదిలించి చూశాను. చెప్పడం కన్నా చూడటం వేరు, నా పాత బొమ్మలో కాలు ఎందుకు నడవలేకపోయిందో అప్పుడు తెలిసింది.

కింద పట్టీ గీయడం మొదలుపెట్టగానే ఒక సంగతి కళ్లకు కట్టింది. బరపాసారస్ పళ్లు దొరికాయి కానీ పుర్రె దొరకలేదు. కోటాసారస్‌దీ అంతే. అంటే పైన నేను ఎంతో శ్రద్ధగా గీసిన ముఖం, కన్ను, మూతి, అన్నీ కింద పట్టీలో చుక్కల గీతలోకే వెళ్తున్నాయి. మొదట కష్టంగా అనిపించింది. ఇప్పుడు ఆ చుక్కల తలనే అన్నిటికన్నా జాగ్రత్తగా గీస్తున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. వెనక కొండల గీతను పూర్తిగా తీసేయాలా? పిల్లలకు రోజూ కనిపించే కొండలు అవి, తీసేస్తే బొమ్మ మా ఊరిది కాకుండా పోతుందేమోనని ఉంది.

రాతిపొరలు

తీసేయండి, కానీ కొండలను పోగొట్టుకోకండి. రాయి అంత పాతదే అయినా, దాని ఇప్పటి ఆకారం గాలీ వానా చెక్కినది, కొత్తది. రాజాసారస్ వెనక శేషాచలం అంచు గీస్తే చోటూ తప్పే, కాలమూ తప్పే. శిలాతోరణం కూడా అంతే.

వాటికి చోటు మీ మధ్య అడ్డులో ఉంది. గోడను రెండుగా విడదీసే చోట ఒక అడుగు వెడల్పున రాతిపొరల నిలువు కోత గీయండి. అట్టడుగున గులాబీ ఛాయ గ్రానైటు, దాని మీద ఏటవాలు గీత, ఆ గీత మీద నగరి క్వార్ట్‌జైటు పలకలు. వాటి పక్కన కడప వైపు వేంపల్లె రాళ్లలో కనిపించే స్ట్రొమటోలైట్లు గీయండి, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. నీటిలోని సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలవి, మన ప్రాంతపు అతి ప్రాచీన జీవులు అవే. అన్నిటికన్నా పైన సత్యవేడు ఇసుకరాయి, అందులో ఒక టైలోఫిల్లం ఆకు. మధ్యలో కోట్ల సంవత్సరాల పొరలు లేవని తెలియడానికి పొరకూ పొరకూ నడుమ బొటనవేలంత ఖాళీ వదలండి.

ఆదివారం ఉదయం మీరు రాగలిగితే నా దగ్గరున్న క్వార్ట్‌జైటు, గ్రానైటు ముక్కలు ఇస్తాను, రంగు కలుపుకోవడానికి ఎదురుగా పెట్టుకోవచ్చు. క్వార్ట్‌జైటును ఎండలో కాక నీళ్లలో తడిపి చూడండి, అప్పుడే దాని అసలు ఛాయ తెలుస్తుంది.